పొట్లం కాగితంలో ప్రెసిడెంటు

మొన్న మధ్యాహ్నం భోజనాలయ్యాక మా మనవరాలు టీవీలో ఛానెళ్ళు తిప్పుతూ తిప్పుతూ ఒకచోట ఆగింది. మధ్య అమెరికాలో ఏదో చిన్న దేశానికి ఒకప్పుడు అధ్యక్షుడిగా చేసిన ముసలాయనను ఇద్దరు పోలీసులు చెరో రెక్కా పట్టుకుని కోర్టు మెట్లెక్కిస్తున్నారు. ఆయన మాత్రం ఆ మెట్లు తన ఇంటివేనన్నట్టు తాపీగా ఎక్కుతున్నాడు. నాకు ఫక్కున నవ్వొచ్చింది. ‘ఎవరవ్వా ఆయప్ప, నీకు తెలుసునా?’ అని పిల్ల అడిగింది. ఆయన తెలియదు గానీ ఆయన బోటివాడు ఒకడి కథ వల్ల నేను కుడితిలో పడ్డ ఎలుకలాగా పదిహేను రోజులు కొట్టుకున్నానంటే ఈ కాలం పిల్లలు నమ్మరు. పైగా ఈ పిల్ల తెలుగు గడగడా మాట్లాడుతుంది, చదవడానికి మాత్రం తమిళమే. అందుకని ఇంకా తెలుగు అక్షరాలు కూడబలుక్కోకుండా చదవగలిగిన నా వయసు వాళ్ళ కోసం దీన్ని రాస్తున్నాను.

డెబ్బైల చివరి మాట. నేను పుట్టి పెరిగింది తిరువళ్ళూరులో. మా నాయన రైల్వేలో పట్టాల పని చేసేవాడు. టీచర్ ట్రైనింగు ముగించి, ఎంప్లాయ్‌మెంట్ ఎక్స్ఛేంజిలో పేరు నమోదు చేసుకుని, ఆ కార్డును ఏడాదికేడాది పునరుద్ధరించుకుంటూ కూర్చున్న లక్షమందిలో నేనూ ఒకతెను. సర్కారు పిలుపు ఎప్పుడొస్తుందో దేవుడికే తెలియాలి గనుక, ఈలోగా ఖాళీగా ఉండడమెందుకని తిరుత్తణికి అవతల, ఆంధ్ర సరిహద్దుకు కూతవేటు దూరంలో ఉన్న ఒక పల్లెలో తెలుగు ఎయిడెడ్ బడిలో చేరాను. మన తరం వాళ్ళకు చెప్పనక్కరలేదు, అటువంటి బడిని నడిపే యజమానిని మావైపు కరెస్పాండెంటు అంటారు. మా కరెస్పాండెంటే ఊరి పంచాయతీకి ప్రెసిడెంటు కూడా. తరవాత పంచాయతీలను రద్దుచేసి స్పెషల్ ఆఫీసర్లను వేసినా ఆ పిలుపు మాత్రం ఆయనను వదల్లేదు. కన్నబిడ్డలు కూడా ఆయనను నాయనా అనకుండా ప్రెసిడెంటు అనడం నేను చెవులారా విన్నాను.

చేరిన రోజున ఆయన నా ఎస్.ఎస్.ఎల్.సి. పుస్తకమూ ట్రైనింగు సర్టిఫికెట్టూ అడిగి తీసుకుని, నా ఎదుటే ఇనుప బీరువాలో పెట్టి తాళం వేశాడు. ‘నీ దగ్గరుంటే చెదలు పడతాయి టీచరమ్మా, నా దగ్గర భద్రంగా ఉంటాయి’ అన్నాడు. పెద్దమనిషి, ఎంత శ్రద్ధ అని మురిసిపోయాను. నా తెలివి అట్లా ఏడ్చింది! నాకంటే ముందున్న టీచర్ల కాగితాలు కూడా కొన్ని ఆ బీరువాలోనే భద్రంగా ఉన్నాయని తరవాత తెలిసింది.

నా బస వాళ్ళ ఇంటి వెనుక వసారాలో ఒక గది. దానికి వేరే వాకిలి లేదు. బయటికి రావాలంటే వాళ్ళ నడవ దాటాలి, ఆ నడవలో పడక్కుర్చీలో ఆయన. సబ్బుబిళ్ళకు బయలుదేరినా ‘యాడికి టీచరమ్మా?’ అనే ప్రశ్నే, ఉత్తరం పోస్టు చెయ్యడానికి బయలుదేరినా ‘యాడికి టీచరమ్మా?’ అనే ప్రశ్నే. న్యాయంగా చెప్పాలంటే ఆయన ఎన్నడూ గొంతు పెంచలేదు, కానిచూపు చూడలేదు, వేళకు అన్నం పెట్టించాడు. కసురుకునే మనిషైతే ఎదురు చెప్పి బయటపడొచ్చు గానీ, మెత్తగా అడిగే మనిషికి ఏమని ఎదురు చెప్తాం? నెలకొక ఆదివారం తిరువళ్ళూరు వెళ్ళడానికి నేను సోమవారం నుంచే ఆయన ముఖం చూస్తూ సమయం కోసం కాచుకునేదాన్ని. ఆ రెండేళ్ళలో నాకు ఊపిరాడలేదు, అంతే.

ఆయన భార్యను నేను పెద్దమ్మా అని పిలిచేదాన్ని. ఊరు ప్రెసిడెంటమ్మ అనేది. ఆడికృత్తిక పండక్కి ఆమె తిరుత్తణి మురుగన్ కొండెక్కుతూ నన్ను తోడు తీసుకుపోయింది. కావళ్ళు మోసేవాళ్ళ తొక్కిసలాటలోంచి బయటపడి, దిగేటప్పుడు ఒక మెట్టు పక్కన కూర్చుని మసాలా వడలు తిన్నాం. ఆ పల్లెలో చదవడానికి ఏమీ దొరక్క కరువెత్తిపోయి ఉన్నానేమో, వడ ఇంకా నోట్లో ఉండగానే పొట్లం కాగితం విప్పి చదవడం మొదలుపెట్టాను. అది ఏదో పాత తమిళ వారపత్రికలోని కాగితం. మధ్య అమెరికాలోని ఒక దేశాధ్యక్షుడి జీవితకథ. ఆయన పేరూ దేశం పేరూ ఉన్న చోటే నూనె మరక పడి అక్షరాలు కలిసిపోయాయి. ‘ఏముండాది అందులో, నాకూ చెప్పు’ అంది పెద్దమ్మ. ఆమెకు చదువు రాదు. చదివి చెప్పాను.

ఆ అధ్యక్షుడు అరటితోటలో మేస్త్రీ కొడుకట. చెప్పుల్లేని కాళ్ళతో గెలలు మోసే కూలీల వెంట తిరుగుతూ, తోట కంపెనీవారి రైలుస్టేషనులో తంతి కొట్టడం చూసి చూసి నేర్చుకున్నాడట. పదిహేడో ఏట ఆ స్టేషనులోనే తంతి గుమాస్తా అయ్యాడు. ఊళ్ళో ఎవరింట చావు, ఎవరింట పెళ్ళి, ఏ దొర ఎవరికి ఏం పంపుతున్నాడు, అన్నీ ఆయన వేళ్ళకింది నుంచే పోవాలి గదా. ఆ దేశంలో రెండు కక్షలు కొట్టుకుంటున్నప్పుడు ఒక కక్ష సైన్యానికి తప్పుడు తంతి ఇచ్చి, దాన్ని రైలెక్కించి ఎక్కడో అడవి స్టేషనులో దించేశాడు. గెలిచినవాళ్ళు గుమాస్తాను కెప్టెనును చేశారు. కెప్టెను మంత్రి అయ్యాడు. మంత్రి నాలుగేళ్ళకని జనం ఓట్లతోనే అధ్యక్షుడయ్యాడు. మొదటి రెండేళ్ళు బంగారంలాంటి మనిషట. బావులు తవ్వించాడు, బడులు పెట్టించాడు, జనం భుజాల మీద మోశారు. నాలుగో ఏట ఎన్నికలనేసరికి వరదలని వాయిదా వేశాడు. మరుసటేడు భూకంపమన్నాడు. ఆ పైన కాఫీకోతలయ్యాక చూద్దామన్నాడు. ఎవరైనా దేశం దాటిపోవాలంటే కాగితాల మీద ఆయన స్వహస్తాలతో సంతకం చెయ్యాలని చట్టం చేసి, ఆ కాగితాలన్నీ తన భవనానికి తెప్పించుకుని, సంతకం మాత్రం చెయ్యకుండా కూర్చున్నాడు. నా బిడ్డలు నన్ను విడిచి ఎక్కడికి పోతారని ప్రసంగాల్లో కన్నీళ్ళు పెట్టుకునేవాడట. ‘ఒకనాటి ఉదయం ఆయన కిటికీ తెరిచి చూసేసరికి’ అన్నచోట కాగితం చిరిగిపోయింది. మిగతా సగంలో ఎవరి వడలు కట్టారో ఆ మురుగన్‌కే తెలియాలి.

అడుసు తొక్కనేల, కాలు కడగనేల అని పెద్దలు ఊరికే అనలేదు. నేను ఆ కథను అక్కడే వదిలిపెట్టి ఉండవలసింది. శుక్రవారం సాయంత్రం నాలుగో తరగతికి కథ చెప్పడం ఆనవాయితీ, ఆ వారం నా దగ్గర వేరే కథ లేదు. అధ్యక్షుడు అంటే ఆ పిల్లలకు తెలియదు. తమిళంలో అధిబర్ అందామంటే తెలుగు క్లాసులో తమిళమేమిటని నాకు రోషం. అందుకని పిల్లలకు తెలిసిన మాటే వాడాను. ‘ఒక ప్రెసిడెంటు ఉండినాడు’ అని మొదలుపెట్టాను.

ఇక చూసుకోండి. ఊళ్ళో ఉన్న ప్రెసిడెంటు ఒక్కరే. అరటితోట ఇళ్ళకు చేరేసరికి మా ప్రెసిడెంటు చెరుకుతోట అయింది. మా బడి కమిటీకి ఎన్నిక పెట్టాలని ఊరివాళ్ళు మూడేళ్ళుగా అడుగుతుంటే ఆయన ఒక ఏడాది కరువన్నాడు, ఒక ఏడాది తిరునాళ్ళన్నాడు, ఆ ఏడాది చెరుకు నరుకుళ్ళు కానీ అన్నాడు. ఈ సంగతి నాకు తెలియదంటే నమ్మండి, నమ్మకపోండి. టీకొట్టు దగ్గర ఒకరు ‘కమిటీ ఎలక్షన్ ఎప్పుడంట?’ అంటే ఇంకొకరు ‘బూకంపం రానీరా, అంతా అయినాక పెడతాడు’ అనడం, అందరూ విరగబడి నవ్వడం. ‘టీచరమ్మ బలే కత కట్టింది’ అని నన్ను దారిలో ఆపి మెచ్చుకున్నవాళ్ళు కూడా ఉన్నారు. నేను తల దించుకుని గబగబా దాటిపోయేదాన్ని.

సరిగ్గా ఆ వారమే, ఎన్నేళ్ళుగానో కాచుకున్న సర్కారు పిలుపు వచ్చింది. పూండి దగ్గర పంచాయతీ యూనియన్ బడిలో ఉద్యోగం. పదిహేను రోజుల్లోగా అసలు సర్టిఫికెట్లతో వచ్చి చేరాలి, లేకుంటే వరుసలో తరవాతివారికి పోతుంది. నేను ఎక్స్ఛేంజిలో బడి చిరునామాయే ఇచ్చి ఉన్నాను, బడికి వచ్చే తపాలా అంతా కరెస్పాండెంటు చేతికే పోతుంది గనుక ఆ కవరు విప్పింది ఆయనే. నన్ను పిలిపించాడు. పడక్కుర్చీ చేతి మీద నా ఆర్డరు, ఆయన మొలతాడుకు బీరువా తాళంచెవి. దేవుడు వరమిచ్చినా పూజారి వరమివ్వడన్న సామెత నాకు అప్పుడు నిలువునా అర్థమైంది.

‘ఆ కత నాకూ చెప్పమ్మా’ అన్నాడు. చెప్పాను. ఇది వేరే దేశంలో ఎవరో ప్రెసిడెంటు అయ్యా అని ప్రతి వాక్యానికీ చేరుస్తూ చెప్పాను. ఆయన కళ్ళు మూసుకుని అంతా విన్నాడు. తిడతాడనుకున్నాను. వెళ్ళగొడితే పీడా పోయె, కాగితాలిచ్చి వెళ్ళగొడితే చాలునని ఆశపడ్డాను కూడా. ఆయన కళ్ళు తెరిచి, ‘అరటితోటలో పుట్టినోడికి పేపర్లో చరిత్ర రాసినారు. రాయలకాలం నుంచి ఈడ సేద్యం చేసినోళ్ళం, మాకేది చరిత్ర?’ అన్నాడు. ఆ గొంతులో కోపం లేదు, అసూయ ఉంది. సంక్రాంతితో మొదలయ్యే తైమాసంలో ఆయనకు అరవై నిండుతాయి. ఆ లోపల ఆయన జీవితచరిత్ర అచ్చు వేయించాలి. ‘ఆయప్పది రాసినట్లే నాదీ రాసిపెట్టు టీచరమ్మా. రాసి ముగించినావంటే నీ కాగితాలు నీ చేతిలో పెడతా, నువ్వు యాడికైనా పో’ అన్నాడు.

పదిహేను రోజుల్లో ఒక మనిషి చరిత్ర రాయలేనా అని నేను ధైర్యం తెచ్చుకుని లాంగుసైజు నోటు కొన్నాను. రోజూ బడి వదిలాక ఆయన చెప్పడం, నేను రాయడం. మొదటి సాయంత్రం వాళ్ళ మూలపురుషుడు విజయనగరంలో ఎడ్లబండి కట్టాడు. ఐదో సాయంత్రానికి ఆ బండి కాళహస్తి చేరింది. మధ్యలో ఒక ఎద్దుకు కాలు విరిగితే దానికొక సాయంత్రం. తొమ్మిదో సాయంత్రం ఈ ఊళ్ళో మొదటి బావి తవ్వారు. పన్నెండో సాయంత్రానికి వాళ్ళ తాతకు పెళ్ళి కుదిరింది. నాకేమో గడువు మూడు రోజులుంది, ఈ మహానుభావుడు ఇంకా పుట్టనే లేదు! పిల్లికి చెలగాటం, ఎలుకకు ప్రాణసంకటం. రాస్తూ రాస్తూ కళ్ళెత్తితే ఆయన భుజం మీదుగా బీరువా కనిపించేది. నేను ఇక్కడే ముసలిదాన్నవుతాను, ఈయన ముత్తాతల పెళ్ళిళ్ళు రాస్తూ ఈ నడవలోనే పోతాననుకునేదాన్ని. పారిపోవచ్చు గదా అంటారేమో. చేతిలో సర్టిఫికెట్టు లేని టీచరు ఎక్కడికి పారిపోతుంది?

రోజూ నోటు మూసేముందు ఆయన ఒక ప్రశ్న అడిగేవాడు. ‘ఆ ప్రెసిడెంటు కత చివరికి ఏమాయ?’ కాగితం చిరిగిపోయిందంటే నమ్మేవాడు కాదు, నేను దాస్తున్నానని అనుమానం. ఆ పన్నెండో రోజు నాకు ఒళ్ళు మండి, నోటికొచ్చిన ముగింపు చెప్పేశాను. ఒకనాటి ఉదయం ఆయన కిటికీ తెరిచి చూసేసరికి వీధుల్లో ఒక్కరూ లేరయ్యా, కాగితాలన్నీ ఆయన దగ్గరే వదిలేసి జనమంతా వట్టి చేతులతో అడవి దాటి వెళ్ళిపోయారు, ఆ కాగితాల మధ్య ఆయన ఒక్కడే మిగిలాడు అన్నాను. వంటింటి వాకిట్లో తలుపుచాటున పెద్దమ్మ కూర్చుని ఉంది. ప్రెసిడెంటు గారు మొలతాడుకున్న తాళంచెవిని తడుముకున్నాడు. దెబ్బ తగిలిందని సంతోషించాను. ‘ఇది పనికిమాలిన కత’ అన్నాడు చివరికి, ‘కాగితం లేకుండా మనిసి యాడికి పోతాడమ్మా?’ నాకు ఏడుపు ముంచుకొచ్చింది. గదిలోకి వెళ్ళి కరువుతీరా ఏడ్చాను.

పద్నాలుగో రోజు పొద్దున ఆయన చక్కెర మిల్లువాళ్ళిచ్చే చెరుకు నరుకుడు ఆర్డరు కోసం తిరుత్తణి వెళ్ళాడు. బడికి బయలుదేరుతున్న నన్ను పెద్దమ్మ చెయ్యి పట్టుకుని లోపలికి లాక్కుపోయింది. పసుపు డబ్బాలో చెయ్యి పెట్టి ఒక తాళంచెవి తీసింది. బీరువాకు రెండో చెవి! కొన్ననాడు అంగడివాడు ఇచ్చిన రెంటిలో ఒకటి తన దగ్గరే ఉండిపోయిందట, ఆయనకు ఆ ధ్యాసే లేదట. ఇన్నేళ్ళూ తెరవలేదా పెద్దమ్మా అంటే, ‘తెరిచి ఏం చేసేది? నాకు అచ్చరం రాదు గదా’ అంది.

తలుపు తెరిచి, ఖాకీగుడ్డలో కట్టిన కాగితాల మూట నా ఒళ్ళో పెట్టింది. పట్టాలు, రసీదులు, స్టాంపు కాగితాలు, ఎవరెవరివో సర్టిఫికెట్లు. పైనే నా ఆర్డరు, కొంచెం లోపలికి పోగానే నా పుస్తకమూ సర్టిఫికెట్టూ దొరికాయి. నన్ను నేను తిరిగి చేతిలోకి తీసుకున్నట్టే అనిపించింది. అప్పుడు ఆమె నా ఎదురుగా కింద కూర్చుని, ఇంతకాలం నాతో మాట్లాడని గొంతుతో మాట్లాడింది. కవరైపేట్టై దగ్గర వాళ్ళ నాయన ఆమె పేరన ఒక కయ్య రాసిచ్చాడట, గంపెడు వడ్లు పండే చిన్న మడి. ఆ కాగితాన్ని పెళ్ళయిన ఏడాదే ఈయన తీసుకున్నాడు. అడిగితే పోయిందన్నాడు. ‘అది ఉంటే ఆడ గుడిసె ఏసుకోనైనా ఉంటానమ్మా. గుడికి తప్ప ఈ నడవ దాటి నలబై ఏండ్లాయ. నాది ఇందులో ఉండాదేమో చూడు, నా కన్నతల్లివి’ అంది.

ఊరి మలుపులో బస్సు హారను వినిపించింది. అది పోతే మళ్ళీ సాయంత్రమే, సాయంత్రానికి ఆయన వచ్చేస్తాడు. ‘లేదు పెద్దమ్మా’ అన్నాను. ఆమె మూట కట్టి, బీరువా మూసి, చెవిని మళ్ళీ పసుపులో పెట్టి, ‘సీక్రం పో, బస్సు పోతాది’ అంది. కట్టుబట్టలతో పరుగెత్తి బస్సెక్కాను. మరునాడు పూండిలో చేరాను. రిలీవింగ్ ఆర్డరేదని అడుగుతారేమోనని హడలిపోతూ కూర్చుంటే వాళ్ళు అడగనే లేదు.

ఆ తరవాత ఏడెనిమిదేళ్ళకు, తిరుత్తణి బస్‌స్టాండులో నా నాలుగో తరగతి పిల్ల ఒకతె కనిపించి కాళ్ళకు దణ్ణం పెట్టింది. చంకలో బిడ్డ. ఆ పిల్లే చెప్పింది, పెద్దమ్మ పోయిందని, ఆమె వెనకే ఏడాదికి ప్రెసిడెంటు కూడా పోయాడని. కొడుకులు పంపకాలకు బీరువా తెరిస్తే, ఖాకీగుడ్డ మూటలో అడుగున పెద్దమ్మ పేరన ఉన్న కయ్య కాగితం దొరికిందట. ఆమెకు తెలియకనే పోయింది పాపం అని ఆ పిల్ల నిట్టూర్చింది. ఊ కొట్టాను.

ఇప్పుడు కాలం మారింది. తాలూకా ఆఫీసుకు పోతే ప్రతి ఆడమనిషి చేతిలోనూ ఒక ప్లాస్టిక్ కవరు, అందులో తన కార్డులు, తన పాసుపుస్తకం, తన పట్టా, అన్నీ తన పేరుతోనే. మా కాలంలో బీరువాల వెనక ఎన్ని బతుకులు ఉండిపోయాయో ఆ పిల్లలకు చెప్పినా అర్థం కాదు, అర్థం కాకపోవడమే మంచిది. వాళ్ళను చూస్తే నాకు సంతోషమే, ఆ సంతోషంలోనే లోపల ఒకటి కలుక్కుమంటుంది. నలభై ఏళ్ళు పైబడి ఎవరితోనూ అనని మాట, మీతో అంటున్నాను. ఆనాడు నా కాగితాలు దొరికాక ఆ మూటలో ఇంకా సగానికి పైగా మిగిలే ఉంది. ఆమె నా ముఖంలోకి చూస్తూ కూర్చుంది, బస్సు రెండోసారి హారను కొట్టింది. ఆ మిగతా కాగితాలను నేను తిరగెయ్యలేదు. చూడకుండానే లేదన్నాను.